చిట్టీ చూపిస్తే చాలు

పోయిన వారం మా కాలేజీ కంప్యూటర్ గది గుమ్మం దగ్గర ఒక అమ్మాయి చెప్పులు విప్పుకొని లోపలికి వచ్చింది. ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయి. నా బల్ల మీద నాలుగు మడతల కాగితం ఒకటి పెట్టి, "సార్, మా బాపు పోయిండు" అంది.

"మీ బాపు ఎవరమ్మా?"

ఆమె కాగితం వైపు చూసింది. విప్పాను. చేతిరాత నాదే. చెన్నూరులో ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటుకు రెండేళ్ల కింద నేను రాసిన చిట్టీ అది. 'ఈ చిట్టీ తెచ్చిన వారికి తమ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పని ఇప్పించగలరు' అని రెండు వరుసలు, కింద నా సంతకం. ఎవరు పోయారో అప్పుడు అర్థమైంది.

నాకు దుఃఖం రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? పోతూ పోతూ కూడా చిట్టీయే పంపాడు మహానుభావుడు అనుకున్నాను. ఆ పిల్లను స్టూలు మీద కూర్చోమని ఫ్యాన్ వేశాను. మా విద్యార్థులు వచ్చే దాకా కొంచెం సమయం ఉంది.

ఆయన మాకు సారు. కరీంనగర్‌కు కంప్యూటర్ చదువు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద మూడు కంప్యూటర్లు పెట్టుకొని సి భాష నేర్పేవాడు. ఊరు చొప్పదండి వైపు. ఒకప్పుడు బాగా భూములున్న ఇల్లు. ఆ ఇంట్లో ఎవరికేం కావాలన్నా చిట్టీ రాసి మస్కూరి చేతికిచ్చి పంపేవారట. మస్కూరి అంటే ఊరి పనులకు ఇల్లిల్లూ తిరిగే మనిషి. సారు కాలానికి భూములు పోయాయి, మస్కూరి పోయాడు. చిట్టీ రాసే చెయ్యి మాత్రం మిగిలింది.

ఆ కాలపు ప్రింటర్ కాగితానికి రెండు అంచులా బెజ్జాల పట్టీలుండేవి కదా, వాటిని చిరగకుండా తీయడంలో ఆయన్ను మించినవాడు లేడు. పాడైన కాగితాలను అట్లా శుభ్రం చేసి, స్కేలు పెట్టి అరచేయంత ముక్కలుగా చింపి, సఫారీ జేబులో పెట్టుకునేవాడు. రాసేది ఎర్ర సిరాతో. చాయ కావాలంటే హోటలు మెట్ల కిందే ఉంది, కిటికీలోంచి ఒక్క కేక వేస్తే వినపడుతుంది. సారు కేక వెయ్యడు. 'రెండు చాయ. ఒకటి చక్కెర తక్కువ' అని రాసి మాలో ఒకడికిచ్చి, "చిట్టీ చూపిస్తే చాలు" అనేవాడు. హోటలాయనకు చదువు రాదు. ఆ చిట్టీ పట్టుకొని మెట్లెక్కి పైకొచ్చి, "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగి, విని, దిగిపోయి, చాయతో మళ్లీ ఎక్కేవాడు. ఇది రోజుకు రెండుసార్లు జరిగేది. ఒక్కనాడూ సారుకు ఇందులో తప్పేముందో తోచలేదు.

కీబోర్డు కూడా ముట్టేవాడు కాదు. మా వెనకాల చేతులు కట్టుకొని నిలబడి ఏ మీట నొక్కాలో చెప్పేవాడు. నొక్కేది మేము. తప్పొస్తే తప్పు మాది, ఒప్పయితే ప్రోగ్రాం ఆయనది. ఆ గదిలో ఆయన వేళ్లు మీట మీద పడగా నేను చూడలేదు.

మాకు ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం ఆయన కోసమే పుట్టినట్టుండేది. ప్రోగ్రాంలో ఒక్కో పనిని ఒక్కో పేరు పెట్టి విడిగా రాసుకుంటాం. దాన్ని ఫంక్షన్ అంటాం. ఆ పని కావాల్సిన చోట దాన్ని పేరుతో పిలిస్తే అక్కడికక్కడ జరిగిపోతుంది. ఇది మామూలు దారి. ఇంకో దారి ఉంది. పనిని మనం పిలవకుండా, అది ఎక్కడ ఉందో ఆ చిరునామా మాత్రం ప్రోగ్రాంలో ఇంకో భాగం చేతిలో పెట్టడం. ఆ భాగం తనకు అవసరం పడ్డప్పుడు చిరునామా పట్టుకొని పోయి పని చేయించుకుంటుంది.

సారు దీన్ని నీళ్ల గ్లాసుతో చెప్పేవాడు. "నాకు దూప అయితుంది. నేనే లేసిపోయి కుండకాడ ముంచుకొని తాగిన. గదే పిలుసుడు. గట్ల గాకుంట, కుండ ఏడుందో రాసి వీనికిచ్చిన. వీడు వానికిచ్చె. వాడు పోయి తెచ్చె. గదే చిరునామ ఇచ్చుడు. రెండిట్ల ఏది గొప్ప?"

మేము సారు మొహం చూసి "రెండోది సార్" అనేవాళ్లం.

"మరి! మొదటిది మస్కూరి పని. రెండోది ఆఫీసరు పని."

న్యాయంగా చెప్పాలంటే ఆ రెండో దారి లేకుండా కొన్ని ప్రోగ్రాములు రాయలేం. ఒక జాబితాను వరుసలో పెట్టే ఫంక్షన్ ఉందనుకోండి. పేర్లను వరుస పెట్టాలా, వయసులనా అన్నది దానికి ముందే తెలియదు. పోల్చే పద్ధతి చిరునామా దాని చేతికిస్తే, అదే ఎన్నో రకాలుగా పనికొస్తుంది. నేనిప్పుడు అదే పాఠం చెప్పి బతుకుతున్నాను. ఎప్పుడు అవసరమో ఇంకొకరికే తెలిసే పనికి చిరునామా ఇవ్వాలి, ఇప్పుడే ఇక్కడే కావాల్సిన పనిని పిలవాలి. ఇంతే సంగతి. దీంట్లో ఆఫీసరూ లేడు, మస్కూరీ లేడు. నా కోపం పద్ధతి మీద కాదు, దాన్ని నెత్తికి కిరీటంలా పెట్టుకున్న మనిషి మీద.

నాది సాంచల ఇల్లు. సాంచ అంటే పవర్‌లూమ్. మా బాపు పగలంతా దాని ముందు నిలబడి, ఇంకో పూట కూడా నిలబడి నా ఫీజు కట్టాడు. నేను ఆ మేడ మీద చదువుతున్న రెండో ఏడు మా జిల్లాలోనే ఒక పత్తి మార్కెట్ యార్డు నుంచి కబురొచ్చింది. యార్డు పేరు ఎందుకులెండి. పత్తి తెచ్చిన రైతులను నంబర్ల ప్రకారం కాంటాకు పిలిచే పని కంప్యూటర్‌తో చేయించాలని అక్కడి సెక్రటరీ కోరిక. ఏ గుమాస్తా పిలిచినా మా నంబరు దాటేశాడని రోజూ కొట్లాటే. ప్రోగ్రాం బాగుంటే దాన్ని నడపడానికి ఒక ఆపరేటర్‌ను తీసుకుంటామన్నాడు. ప్రోగ్రాం నువ్వే రాయి, ఆ పని నీకే అన్నాడు సారు. బాపు ఆ సాయంత్రమే సాంచల దగ్గర అందరికీ చెప్పేశాడు.

ఆ యార్డులో ఒక కట్టుబాటు ఉండేది. మామూలు రోజుల్లో ముందొచ్చిన వారికి ముందు పిలుపు. మబ్బు పట్టిందంటే మాత్రం వరుస మారుతుంది. లారీలకు, ట్రాక్టర్లకు తాటిపత్రి కప్పి ఉంటుంది కాబట్టి అవి ఆగుతాయి. పైన ఏమీ లేని ఎడ్లబండ్లు ముందు రేకుల షెడ్డు కిందికి పోతాయి. పెద్ద రైతులు కూడా ఈ మాటకు అడ్డు చెప్పేవారు కాదు.

నేను రాసిన పద్ధతి తేలికైంది. మబ్బు పడితే మనం ఒక మీట నొక్కుతాం. ప్రతి నంబరు పిలిచే ముందు ప్రోగ్రాం ఒకసారి చూసుకుంటుంది: ఇప్పుడు మబ్బుందా? ఉంటే బండ్ల ఫంక్షన్‌ను పిలుస్తుంది, లేకపోతే మామూలు వరుస ఫంక్షన్‌ను పిలుస్తుంది. చదివితే ఎవరికైనా అర్థమవుతుంది.

సారు నా వెనకాల నిలబడి తెర మీద అక్షరాలు చదివాడు. "గిదేందిరా? మబ్బుందా, మబ్బుందా అని సారిసారికి అడుగుడేంది? పొద్దుగాల ఒక్కసారి అడుగు. ఏ ఫంక్షనో దాని చిరునామ కాంటా భాగం చేతిల పెట్టు. ఇగ దినమంత నడుస్తది."

"సార్, పొద్దుగాల ఇచ్చిన చిరునామ పగటికి పనికిరాకపోతే?"

"చిట్టీ చూపెట్టినంక కాదనేటోడు ఎవడురా? గిది మస్కూరి ప్రోగ్రాం. ఇల్లిల్లు తిరిగి తలుపు కొట్టుడు. నా చిట్టీలు మోసి నీకు అలవాటైన పనే గదా." అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆయన చెబుతుంటే నేనే చెరిపి, నేనే మళ్లీ కొట్టాను. ఆ సంగతి దాచను. అది తప్పని తెలిసే కొట్టాను. ఆయన కాదంటే ఆ పని నాకు దక్కదు.

ప్రోగ్రాం పరీక్షకు యార్డుకు వెళ్లిన రోజు పొద్దున ఎండ కాస్తోంది. తెర మీద నంబరు పడుతుంది, నేను మైకులో చదువుతాను, ఆ నంబరు వాళ్లు కాంటాకు వస్తారు. సారు కొత్త సఫారీ వేసుకొని నా వెనకాల నిలబడ్డాడు. పన్నెండింటి దాకా అంతా సాఫీగా సాగింది. సెక్రటరీ వచ్చి సారు చెయ్యి పట్టుకొని ఊపాడు. ఆ తర్వాత గోదావరి వైపు నుంచి మబ్బు లేచింది.

మబ్బు మీట నొక్కాను. తెర మూలన మబ్బు అని పడింది. కింద నంబరు మాత్రం లారీదే వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ లారీయే. మబ్బొచ్చిన సంగతి ప్రోగ్రాంకు తెలిసింది. నంబర్లు పిలిచే కాంటా భాగానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. దాని చేతిలో పొద్దున ఇచ్చిన చిరునామా ఉంది, అది దాన్నే పట్టుకొని పోతోంది.

"సార్, వరుస మారుతలేదు. నేను నోటితోని బండ్ల నంబర్లు పిలుస్త. రిజిస్టర్ల ఉన్నయి."

"కంప్యూటరుండంగ నోటితోని పిలుస్తవా? సెక్రటరీ జూస్తుండు, నా ఇజ్జత్ తీస్తవా? తెర మీద ఏముంటె గదే చదువు."

చదివాను. కప్పి ఉన్న లారీలను ఒక్కొక్కటే షెడ్డు కిందికి పిలిచాను. బయట బండ్ల వాళ్లు లేచి నిలబడి ఆకాశం వంక, నా కిటికీ వంక చూస్తున్నారు. కొందరు అరుస్తున్నారు. మొదటి చినుకులు రేకుల మీద పడగానే మైకు అక్కడే పడేసి బయటికి ఉరికాను. "బండ్లు రాండ్రి! బండ్లు ముందు!" అని గొంతు పోయేలా అరిచాను. షెడ్డు అప్పటికే లారీలతో నిండిపోయింది. ఎడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒక ముసలామె తన పైట కొంగు తీసి బండి మీది పత్తికి కప్పుతోంది. కొంగు ఎంతకు సరిపోతుంది? నన్ను చూసి తిట్టలేదు. "గీ పిలుపు జర ముందుగాల పిలువకపోతివి బిడ్డా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వాన వెలిశాక సెక్రటరీ మా గదిలోకి వచ్చాడు. వెనకాల రైతులు గుమ్మం నిండా నిలబడ్డారు. "ఏంది సారూ ఇది?" అని అడిగాడు.

సారు జేబులోంచి కాగితం ముక్క తీసి, బల్ల మీద పెట్టి, ఎర్ర సిరాతో నింపాదిగా రాశాడు. రాసి, మూడడుగుల దూరంలో నిలబడ్డ సెక్రటరీ చేతికిచ్చాడు. సెక్రటరీ చదివి నా వైపు చూశాడు. నాకు ఆ కాగితం తర్వాత దొరికింది. 'ప్రోగ్రాం బాగున్నది. నడిపిన విద్యార్థికి అనుభవం లేదు.'

ఎదురుగా నిలబడ్డ మనిషికి చిట్టీ! నోటితో అంటే నేను వింటాను, కాదంటాను. కాగితానికి ఎదురు చెప్పేవాళ్లుండరు. ఇంత పిరికివాణ్ణి ఆ ముందు గానీ, ఆ తర్వాత గానీ నేను చూడలేదు. ఆయన చిట్టీలన్నీ ఆఫీసరు దర్పం అనుకున్నాం అన్నాళ్లూ. మనిషి మొహం చూసి మాట చెప్పే ధైర్యం లేకనే ఆ కాగితాలన్నీ అని ఆ రోజు తెలిసింది.

యార్డులో కంప్యూటర్ మీద గుడ్డ కప్పారు. రిజిస్టరు మళ్లీ బయటికొచ్చింది. ఆపరేటర్ పని లేదు, ఏమీ లేదు. బాపు నన్ను ఏమీ అడగలేదు. "పోనీతీ. రేపట్నుంచి పొద్దుగాల జల్ది లేవు, నా పక్క సాంచ ఖాళీగుంది" అన్నాడు. ఏడాదిన్నర ఆ సాంచ ముందు నిలబడ్డాను. సాంచల దగ్గర ఎవరైనా నన్ను ఆపరేటర్ సాబ్ అని పిలిస్తే, నాకు కనిపించేది ఆ ఎర్ర సిరా. ఆ పైన ఈ కాలేజీలో కంప్యూటర్ సారునయ్యాను.

ఇక్కడికే, రెండేళ్ల కింద, ఆయన వచ్చాడు. మేడ మీది కంప్యూటర్లు అమ్ముడుపోయాయని అంతకు ముందే విన్నాను. సఫారీ అదే, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. నన్ను 'అరేయ్' అనలేదు. "ఏదన్న పనుంటె జూడు సార్" అన్నాడు. నోటితో, నా మొహం చూసి. ఆయన ఒక మనిషిని అట్లా అడగడం నేను చూడటం అదే మొదలు.

ఆ వారమే మా గదిలో ఒక ఖాళీ ఉంది. లేచి, ఆయన్ను వెంటబెట్టుకొని, కింద ప్రిన్సిపాల్ గదికి పోతే సరిపోయేది. నేను లేవలేదు. బల్ల సొరుగులోంచి కాగితం ముక్క తీసి చెన్నూరు కాలేజీకి చిట్టీ రాశాను. ఆ కాలేజీ అంతకు ముందు ఎండాకాలమే మూతపడిందని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆయన పేరు కూడా రాయలేదు, 'ఈ చిట్టీ తెచ్చిన వారికి' అన్నాను. చేతికిస్తూ, ఒక్కొక్క అక్షరం వత్తి పలుకుతూ, "చిట్టీ చూపిస్తే చాలు" అన్నాను. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నా కడుపు చల్లగా ఉంది.

ఆ చిట్టీయే ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ పిల్ల స్టూలు అంచున కూర్చుని ఉంది.

"చెన్నూరు పోయిండా మీ బాపు?" అని అడిగాను.

"పోయిండు సార్. కాలేజికి తాళమేసి ఉండెనట. గోదారికాడ కాళ్లు కడుక్కొని మల్ల బస్సెక్కిండట."

"నన్నేమన్న అన్నడా?"

"లే. మేమే అన్నం, గా సారు నిన్ను ఉత్తగ తిప్పిండని. మా బాపుకు కోపమొచ్చింది. 'మా పిలగానికి ఎరుక లేదు, ఎరుకుంటె రాయడు' అన్నడు. చింపుతాంటె చింపనీయలే. చిట్టీల పేరు లేదు గదా, ఎవలకన్న పనికొస్తదని అల్మారిల పెట్టిండు."

అబద్ధం పసిగట్టే తెలివి కూడా లేని మనిషి అని మనసులో తిట్టుకోబోయాను. తిట్టు రాలేదు. ఎరుక లేదని ఆయన నిజంగానే నమ్మాడా, పిల్లల ముందు నా పరువు కాచాడా? ఇక ఎవరినడగాలి?

"గా చెన్నూరు సారు ఇప్పుడు ఏడుంటుండో చెప్పుండ్రి సార్. నేను పోయి చూపెడ్త. నాకు టైపొచ్చు, కంప్యూటర్ గూడ కొంచెమొచ్చు. ఇంట్ల ఇగ నేనే చెయ్యాలె."

"ఆ సారు లేడమ్మా. అక్కరలేదు" అన్నాను. మా దగ్గరే ఆఫీసులో టైపు చేసే మనిషి కావాలి. ఈసారి మోసం లేదు, నిజంగానే ఇప్పించాలనుకున్నాను. కాగితం ముక్క తీసి ప్రిన్సిపాల్‌కు రాశాను. అప్పటికే విద్యార్థులు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నారు.

"మీరు గూడ వస్తరా సార్?"

"నాకు క్లాసుంది. కింద ఎడమచేతి గది. చిట్టీ చూపిస్తే చాలు."

ఆమె రెండు చేతులతో అందుకొని వెళ్లింది. నేను సుద్దముక్క తీసుకొని బోర్డు దగ్గరికి పోయాను. నేనేమన్నానో అప్పుడు నా చెవిన పడింది. దాని వెంటే ఇంకోటి గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ పొద్దుటి బస్సుకే హైదరాబాద్ పోయాడు. పోతూ నాకే చెప్పి పోయాడు.

కిటికీ దగ్గరికి ఉరికాను. ఆ పిల్ల ప్రిన్సిపాల్ గది తాళం చూసే ఉంటుంది. పైకి తిరిగి రాలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. చిట్టీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంటూ గేటు దాటుతోంది. బయట బస్టాండుకు పోయే రోడ్డు.

చెప్పుల్లేకుండానే మెట్లు దిగి గేటు దాకా పరుగెత్తాను. ఆమె నూరడుగుల దూరంలో ఉంది, ఒక్క కేక వేస్తే వినపడుతుంది. నోరు తెరిచాను. ఆ పిల్ల పేరేమిటో నేను అడగనే లేదు.